సలమాంకాకు వెళ్లబోయే అమ్మాయికి: చలి, ఎండ, దుస్తుల స్పానిష్ గురించి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

సెప్టెంబరులో స్పెయిన్‌లోని సలమాంకా విశ్వవిద్యాలయంలో చేరబోతున్నావనీ, ఈలోగా వాతావరణానికీ దుస్తులకూ సంబంధించిన స్పానిష్ మాటలు గట్టిగా నేర్చుకోవాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. 1218లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు సముద్రమట్టానికి దాదాపు 800 మీటర్ల ఎత్తున, మెసేతా అనే పీఠభూమి మీద ఉంది. శీతాకాలపు రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దిగువకు పోవడం మామూలే. హైదరాబాదు చలి తప్ప మరొకటి ఎరగని నీకు ఈ మాటలు రోజూ గడప దాటకముందే అవసరమవుతాయి.

స్పానిష్ నేర్పుతూ వచ్చిన ఇన్నేళ్లలో నేను గమనించినది ఒకటుంది. మన పిల్లలు ప్రతి స్పానిష్ మాటనూ ముందు ఇంగ్లీషులోకి మార్చుకుని, అక్కడినుంచి తెలుగులోకి తెచ్చుకుంటారు. వాతావరణం విషయంలో ఆ చుట్టుదారి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఇంగ్లీషు ఒకే క్రియతో సరిపెట్టుకునే చోట స్పానిష్ వేర్వేరు క్రియలు వాడుతుంది. బయట చలిగా ఉందనడానికి ‘ఆసె ఫ్రీయో’ అంటారు. నాకు చలేస్తోందనడానికి ‘తెంగో ఫ్రీయో’ అంటారు. కాఫీ చల్లారిపోయిందంటే ‘ఎల్ కఫే ఎస్తా ఫ్రీయో’. తెలుగులో మనమూ ఈ మూడింటినీ మూడు విధాలుగానే చెబుతాం కదా! ఊరి సంగతి, ఒంటి సంగతి, వస్తువు సంగతి అని నీ మనసులో ఇప్పటికే ఉన్న విభజన మీద ఆ మూడు క్రియలనూ నేరుగా కూర్చోబెట్టుకో. వేడి విషయంలో ఇది మరీ ముఖ్యం. ఉక్కగా అనిపించినప్పుడు ‘తెంగో కలోర్’ అనాలే తప్ప ‘ఎస్తోయ్ కాలియెంతె’ అని ఎన్నడూ అనకు, దానికి నలుగురిలో అనకూడని అర్థం వస్తుంది.

అందుచేత ‘ఫ్రీయో అంటే చలి’ అని జాబితాలు బట్టీ పట్టవద్దు. క్రియతో సహా మొత్తం మాటగానే నేర్చుకో. ఎండకూ గాలికీ ‘ఆసె’ వస్తుంది: ఆసె సోల్, ఆసె వియెంతో. ఆకాశం మబ్బుపట్టి ఉంటే ‘ఎస్తా నుబ్లాదో’, నిర్మలంగా ఉంటే ‘ఎస్తా దెస్పెహాదో’. పొగమంచుకు ‘ఆయ్ నియెబ్లా’. వాన కురిస్తే ‘యుఏవె’, మంచు కురిస్తే ‘నియేవా’ అన్న ఒక్క క్రియే చాలు. వాళ్లు వ, బ అక్షరాలను ఒకే ధ్వనితో పలుకుతారు కాబట్టి పొగమంచు నియెబ్లా, కురిసే మంచును చెప్పే నియేవా కొత్తవారి చెవికి ఒకటిగానే వినిపిస్తాయి. రెండింటికీ వేసుకోవలసిన బూట్లు వేరు కనుక వీటిని పదేపదే విని తేడా పట్టుకో. స్పెయిన్‌లో ‘ఆసె’, ‘సెరో’ వంటి మాటల్లోని ‘సె’ను నాలుక కొస పళ్ల మధ్యకు తెచ్చి పలుకుతారు. త మాత్రం అచ్చంగా మన తెలుగు త లాంటిదే. ద కూడా అంతే, కాకపోతే రెండు అచ్చుల మధ్య వచ్చినప్పుడు కాస్త మెత్తబడుతుంది. అక్కడ నీకు పెద్ద శ్రమ ఉండదు.

ఉష్ణోగ్రత చెప్పడానికి సున్నా నుంచి నలభై దాకా అంకెలు తడుముకోకుండా రావాలి. ‘ఎస్తామోస్ ఆ త్రెస్ గ్రాదోస్’ అంటే ఇప్పుడు మూడు డిగ్రీలు ఉందని. సున్నా దిగువన రెండైతే ‘దోస్ గ్రాదోస్ బాహో సెరో’. స్పెయిన్ ప్రభుత్వ వాతావరణ సంస్థ ఆయెమెత్ తన హెచ్చరికలను పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఇస్తుంది. అమరీయో, నరాంహా, రోహో అన్న మాటలు విన్నప్పుడు అవి రంగుల పేర్లేనని అనుకుని ఊరుకోకుండా, ఆ రోజు ప్రయాణం సంగతి ఆలోచించుకో.

ఇక దుస్తులు. ఇక్కడ తెలుగు నీకు చేసే మేలు ఇంకా పెద్దది. టోపీ ‘పెట్టాను’ అంటే ఎవరికో పెట్టినట్టు, ‘పెట్టుకున్నాను’ అంటే నాకు నేను పెట్టుకున్నట్టు. మన ‘కొను’ చేసే పనినే స్పానిష్‌లో ‘సె’ చేస్తుంది: పోనెర్ అంటే పెట్టడం, పోనెర్సె అంటే పెట్టుకోవడం. ‘మె పొంగో ఎల్ అబ్రీగో’, కోటు వేసుకుంటాను. గమనించావా, ‘నా కోటు’ అని మనమూ అనం, వాళ్లూ అనరు. మనం చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, టోపీ పెట్టుకుంటాం. వాళ్లకు అన్నింటికీ ఆ ఒక్క క్రియే సరిపోతుంది. విప్పడానికి ‘కితార్సె’. ‘ఆస్తా ఎల్ క్వరెంతా దె మాయో, నో తె కీతెస్ ఎల్ సాయో’ అని అక్కడొక సామెత ఉంది. మే నెల నలభయ్యో తేదీ దాకా, అంటే జూన్ 9 దాకా, పైవస్త్రం విప్పవద్దని దాని భావం. సలమాంకాలో వసంతకాలపు ఎండను చూసి కోటు పెట్టెలో దాచేయాలనిపించినప్పుడు ఈ సామెతను గుర్తు చేసుకో.

పేర్లను ఎప్పుడూ లింగాన్ని తెలిపే ఎల్, లా లతో (బహువచనంలో లోస్, లాస్ లతో) కలిపే రాసుకో: ఎల్ అబ్రీగో (కోటు), లా బుఫాందా (మఫ్లరు), ఎల్ గోర్రో (టోపీ), లోస్ గ్వాంతెస్ (చేతి తొడుగులు), లాస్ బోతాస్ (బూట్లు). స్వెట్టరును స్పెయిన్‌లో ‘హెర్సెయ్’ అంటారు. మెక్సికో తోటి విద్యార్థి జాకెట్టును ‘చమార్రా’ అన్నా, అర్జెంటీనా అమ్మాయి ‘కంపేరా’ అన్నా కంగారుపడకు. నువ్వు మాత్రం స్పెయిన్ మాట ‘చకేతా’నే పట్టుకో. దుకాణంలో బట్టల కొలత ‘తాయా’, చెప్పుల కొలత ‘నూమెరో’. వేసుకుని చూశాక నాకు పెద్దదయిందనడానికి ‘మె కేదా గ్రాందె’ అంటారు. ఇక్కడా మన ‘నాకు’ లాగానే ‘మె’ ముందు వస్తుంది. మంచి కోటు ఇక్కడ కొనకు, అక్కడే కొనుక్కో. అయితే జనవరి 6 పండుగ తరువాత వచ్చే రెబాహాస్ తగ్గింపుల కోసం ఆగవద్దు, చలి నవంబరులోనే వచ్చేస్తుంది.

రోజూ ఉదయం ఆయెమెత్‌లో సలమాంకా వివరాలు చూసి, ఊరి సంగతి ఒకటి, దుస్తుల సంగతి ఒకటి ‘అసీ కె’తో కలిపి రాయి: ‘ఓయ్ ఆసె ఫ్రీయో, అసీ కె మె పొంగో ఎల్ అబ్రీగో.’ ఈరోజు చలిగా ఉంది కాబట్టి కోటు వేసుకుంటాను అని. నువ్వింకా హైదరాబాదు ఎండలోనే ఉన్నా సరే, అక్కడ ఉన్నట్టుగానే రాయి, రాసిన వెంటనే పైకి చదువు. వారానికోసారి ఆ కాగితాలు నాకు పంపితే దిద్ది తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ