చెక్కిన పలక మీద పేరు వంకరపోయింది, అబ్బాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ముప్ఫై ఏళ్లుగా చెక్క నగిషీ పని చేస్తున్నాను. మా అబ్బాయి ఎంపీసీతో ఇంటర్ పాసయ్యాడు. సెలవుల్లో తెలిసినవారి సీఎన్‌సీ షాపుకు, అంటే కంప్యూటర్ నడిపే చెక్కుడు మిషను ఉన్న చోటుకు పంపాను. నేను చేత్తో చెక్కిన టేకు పలక మీద ఒకరి గృహప్రవేశానికి ఇంటి పేరు వేయమంటే అక్షరాలు ఒరిగిపోయాయి, ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా వచ్చాయి. వీడిని కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్‌లో చేర్చాలా, మూడు నెలల సీఎన్‌సీ డిజైనింగ్ కోర్సు చేయించి అప్పు తెచ్చి మిషను కొనివ్వాలా?

జవాబు: వడ్రంగులు, కంసాలులు, మగ్గం నేసేవారు నాకు తరచూ ఇదే ప్రశ్న రాస్తారు. అడిగేది కోర్సు గురించే అయినా మనసులో ఉన్న బెంగ వేరు. ‘నా పని నాతోనే ఆగిపోతుందా? తెలిసి తెలిసి పిల్లవాణ్ణి ఇందులోకి దించుతున్నానా?’ అన్నది మీ బాధ. ముందు దానికే జవాబు చెబుతాను.

మీ అబ్బాయికి అప్పగించింది ఈ పనిలోకెల్లా కష్టమైన భాగం. ఖాళీ చెక్క మీద పువ్వునూ పేరునూ ఒకే బిగింపులో చెక్కించడం తేలిక. ముందే చెక్కిన పలకను తెచ్చి బల్ల మీద పెడితే అది ఏ వైపు ఒరిగి ఉందో, అంచున తామర ఎంత ఎత్తు లేచిందో మిషనుకు తెలియదు. మనిషే చెప్పాలి. పలకను ఒక్క డిగ్రీ పక్కకు బిగిస్తే చాలు, 300 మిల్లీమీటర్ల పేరు ఆ చివరకు వెళ్లేసరికి ఐదు మిల్లీమీటర్లు జారిపోతుంది. పైగా చేత్తో చేసిన పలక అంచు, లోపలి లతల వరుస అచ్చంగా సమాంతరంగా ఉండవు. వాడు అంచును నమ్మి బిగించి ఉంటాడు. చూసేవారి కన్ను మాత్రం లతలనే చూస్తుంది.

లావు, సన్నం తేడా ఎందుకు వచ్చిందో కూడా వినండి. అక్షరాలకు వాడేది మొన తేలిన వీ బిట్టు, అంటే మిషనుకు బిగించే కోత పనిముట్టు. 90 డిగ్రీల బిట్టు మూడు మిల్లీమీటర్లు దిగితే గీత ఆరు మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. పలక ఒక కొస ఒక్క మిల్లీమీటరు పల్లంగా ఉంటే అక్కడ గీత నాలుగుకు పడిపోతుంది. మన గోదావరి తేమకు టేకు కూడా కొద్దిగా వంగుతుంది. ఆ మాట మీకు తెలిసినంతగా ఏ డిజైనింగ్ మాస్టారుకూ తెలియదు.

పద్ధతి ఇది. లతల మధ్య రెండు గుర్తులు పెట్టి పెన్సిలుతో మధ్యగీత గీయాలి. బిట్టు మొనను ఆ కొసకూ ఈ కొసకూ నడిపి, మిషను తెర మీది వై అంకె (బిట్టు పక్కకు జరిగిన కొలత) మారకుండా ఉండేవరకు పలకను సర్దాలి. లోతుకు జీరోను, అంటే మిషను కొలత మొదలుపెట్టే చోటును, పువ్వు మీద కాక, పేరు వచ్చే చదును మీద పెట్టాలి. ఆ చదును కూడా మట్టంగా లేకపోతే పలక కింద పలుచని చెక్కపేళ్లు పెట్టి సరిచేయాలి. బిట్టు ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లే ఎత్తు తామర కంటే పైనే ఉండాలి, లేకపోతే పువ్వు తెగిపోతుంది. తెలుగు వత్తులు చాలా సాఫ్ట్‌వేర్లలో విడిపోతాయి కాబట్టి పేరును ముందే గీతలుగా మార్చి ఎక్కించాలి. చివరగా పది మిల్లీమీటర్ల ఎత్తులో గాలిలో ఒకసారి నడిపి చూడాలి.

ఇక మూడు నెలల కోర్సు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఎక్కడో దొరికిన దేవుడి బొమ్మల ఫైళ్లను మిషనులో ఎక్కించి మీట నొక్కడం నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే చోట చేరి ఏం లాభం? ఇలాంటి నగిషీ డిజైన్లకు వాడే ఆర్ట్‌క్యామ్ సాఫ్ట్‌వేర్ అమ్మకాన్ని ఆటోడెస్క్ 2018లోనే ఆపేసింది. అది ఒక్కటే నేర్పే కోర్సయితే డబ్బు కట్టకండి. జీరో పెట్టడం, బిట్టు ఎంచుకోవడం, చెక్క పొర చూసి వేగం తగ్గించడం ఎన్ని రోజులు నేర్పుతారో, ఒక్కొక్కరికి మిషను మీద ఎన్ని గంటలు ఇస్తారో అడగండి. సూటిగా జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయండి. ఈ దశలో అప్పు చేసి మిషను కొనడం మాత్రం వద్దే వద్దు. పని రాని చేతికి మిషను ఇస్తే వాయిదాలు మీ ఉలే కట్టాలి.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. మీరు ఉలి పట్టిన మొదటి ఏడాది మీ చేతికి ఇచ్చింది వాడిపారేసే చెక్కే కదా! మీరు మాత్రం వాడికి గృహప్రవేశం పలక ఇచ్చి పంపారు. ఒక్క ముక్క మీద కూడా సాధన చేయించలేదు. తప్పు వాడి ఒక్కడిదే ఎలా అవుతుంది? దానికి శిక్షగా కంప్యూటర్ సైన్స్‌లో పడేయడం ఏ న్యాయం? వాడికి ప్రోగ్రామింగ్ ఇష్టమైతే నిక్షేపంగా చేర్చండి. ఆ సంగతి ముందు వాడినే అడగండి.

పని మీద ఇష్టం ఉంటే ఐటీఐలో రెండేళ్ల మెషినిస్ట్ ట్రేడ్ మంచి దారి. హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఐటీడీ సీఎన్‌సీలో స్వల్పకాల శిక్షణలు కూడా ఇస్తుంది. అక్కడ నేర్పేది లోహం మీద అయినా జీరో, కొలత ఒకటే. మీ మటుకు మీరు పీఎం విశ్వకర్మ పథకం చూడండి. 2023లో మొదలైన ఆ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. పనిముట్లకు 15,000 రూపాయలు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం.

చేతిపని పోతుందన్న దిగులు పెట్టుకోకండి. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోతే, 2021 ఫిబ్రవరికల్లా కొత్త టేకు రథం నిలబడింది. అది మీకు నేను చెప్పాలా?

ఆ పలకను పారేయకండి. అక్షరాల లోతు మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించకపోతే, మందం చూసుకుని, లతల మధ్య చదునును ఆ మేరకు ఉలితో దించవచ్చు. ఆ దించే పని మీ అబ్బాయి చేతే చేయించండి. తర్వాత ఇద్దరూ కలిసి షాపుకు వెళ్లండి. వాడు జీరో పెడుతుంటే మూలమట్టం మీరు పట్టుకోండి.