సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఇస్తూ తరుగుదల కూడా కోస్తారా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. కారు కొని ఆరేళ్లయింది, ఇన్సూరెన్స్ శ్రీకాకుళంలో చేయించాను. పాలసీలో కారు విలువ 3,40,000 రూపాయలు. పాతపట్నం దాటాక గేదె అడ్డొస్తే తప్పించబోయి కల్వర్టు గోడకు గుద్దాను. ఇంజిన్ బ్లాక్ పగిలింది. కొత్త ఇంజిన్‌కు 1,60,000, మిగతా పనికి 60,000 అవుతుందని షెడ్డువాళ్లు ఎస్టిమేట్ ఇచ్చారు. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపిన సర్వేయర్ మాత్రం 70,000కు సెకండ్ హ్యాండ్ ఇంజిన్ దొరుకుతుంది, అదే వేయించుకోండి, అందులో 40 శాతం డిప్రిసియేషన్ (తరుగుదల) మీరే పెట్టుకోవాలి అంటున్నారు. సంతకానికి కాగితాలు కూడా పంపారు. ఒప్పుకోవాలా? కేసు వేయాలంటే శ్రీకాకుళం తిరగాలా?

జవాబు: ముందు ఆ కాగితాలు పక్కన పెట్టండి. మీ చేతిలో ఇప్పుడున్న బలమల్లా ఆ సంతకమే.

సర్వేయర్ మాటలో సగం నిజముంది. దెబ్బతిన్న బండిని బాగుచేయించడమా, భాగం మార్చడమా, నష్టాన్ని డబ్బుగా ఇవ్వడమా అన్నది కంపెనీ ఎంచుకోవచ్చని మోటారు పాలసీలోనే షరతు ఉంటుంది. కాబట్టి 'నాకు కొత్త ఇంజినే కావాలి' అన్న వాదన ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్తే గట్టిగా నిలవదు. ఆరేళ్లు తిరిగిన ఇంజిన్ పోయింది, అలాంటిదే మంచిది ఇస్తున్నాం కదా అని వాళ్లంటారు.

అలా అన్నవాళ్లకు తరుగుదల కోసే హక్కు లేదు. మీరు పట్టుబట్టాల్సింది ఇక్కడే. అసలు తరుగుదల ఎందుకు కోస్తారు? పాత భాగం తీసి కొత్తది వేస్తే బండి ప్రమాదానికి ముందుకన్నా మెరుగవుతుంది, ఆ మెరుగైనంత మేర యజమాని పెట్టుకోవాలని. అయిదేళ్లు దాటి పదేళ్లలోపు ఉన్న కారుకు లోహపు భాగాల మీద ఈ కోత 40 శాతం. కొత్త ఇంజిన్ వేస్తే 1,60,000లో మీరు 64,000 పెట్టుకోవాలి, కంపెనీ 96,000 ఇవ్వాలి. అది న్యాయమే. సర్వేయర్ లెక్కలో మీకు 28,000 పడుతుంది, కంపెనీకి 42,000తో సరిపోతుంది. వాడిన ఇంజిన్ 70,000కే వస్తోందంటే దాని పాతదనం ఆ ధరలోనే తగ్గిపోయింది. మళ్లీ 40 శాతం కోస్తే ఒక్క పాతదనానికి రెండుసార్లు కోసినట్టు. 'మార్చిన భాగాల మీద తరుగుదల' అని మాత్రమే పాలసీలో ఉంది, కొత్తా పాతా తేడా చెప్పలేదు అని కంపెనీ అంటుంది. నా దృష్టిలో అది నిలబడే మాట కాదు, మీ తరఫున వాదించాల్సి వస్తే మొదట దీన్నే ఎత్తుకుంటాను. మీ పాలసీకి జీరో డిప్రిసియేషన్, అంటే తరుగుదల కోయని అదనపు కవర్, ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి. ఉంటే ఈ కోత గొడవే ఉండదు.

బండిని టోటల్ లాస్‌గా, అంటే బాగుచేయించడం దండగ అనేంతగా పోయినట్టు, చూపించడం మాత్రం కుదరదు. రిపేరు ఖర్చు పాలసీ విలువలో 75 శాతం, అంటే మీ కారుకు 2,55,000 దాటాలి. మీ ఎస్టిమేట్ 2,20,000 దగ్గరే ఆగింది.

కంపెనీకి ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. కొత్త ఇంజిన్ వేయించి 96,000 ఇవ్వండి, లేదా సెకండ్ హ్యాండ్ ఇంజిన్‌కు 70,000 పూర్తిగా ఇవ్వండి అని రాయండి. సర్వేయర్ రిపోర్టు కాపీ అడగండి, అది మీకు ఇవ్వాల్సిందే. సర్వేయర్ రాసిందే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో చెప్పింది.

సెకండ్ హ్యాండ్‌కే మొగ్గితే నాకున్న భయం ఒకటి చెప్తాను. ఆ ఇంజిన్ ఏ బండిది? బిల్లు లేకుండా స్క్రాప్ షాపు నుంచి వచ్చిన ఇంజిన్ దొంగబండిదైతే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. దొంగసొత్తు అని అనుమానించడానికి కారణం ఉండి కూడా తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ మీకే చుట్టుకుంటుంది. ఇంజిన్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లు, అది దిగిన బండి ఆర్‌సీ కాపీ, షెడ్డువాళ్ల రాతపూర్వక గ్యారంటీ చేతికి వచ్చేదాకా బోల్టు బిగించనివ్వకండి. వేయించాక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లోగా మీరుండే చోటి ఆర్టీవోకు తెలియజేసి ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. పాలసీలో కూడా మార్పించుకోండి, లేకపోతే రేపు ఇంకో క్లెయిము వచ్చినప్పుడు నంబరు కలవలేదని అడ్డుపుల్ల వేస్తారు.

ఇక సంతకం సంగతి. మన పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, ఇన్సూరెన్స్ కాగితం ఇంగ్లిషు. ఏముందో చదవకుండా సంతకం పెట్టి నా దగ్గరికి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను, ప్రతిసారీ బాధే. 'పూర్తి పరిష్కారంగా అందుకున్నాను' అన్న డిశ్చార్జి వోచర్ మీద సంతకం పెట్టినంత మాత్రాన హక్కు పోదని 1999లో అజ్మీర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఒత్తిడితోనో మోసంతోనో చేయించారని మీరే రుజువు చేయాలి. డబ్బు అవసరమై తీసుకోక తప్పకపోతే సంతకం పక్కనే 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి, ఫొటో తీసి దాచుకోండి.

శ్రీకాకుళం తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరుండే చోటే కేసు వేయవచ్చు, అంటే మీ గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. గడువు రెండేళ్లు, మీ ప్రీమియం స్థాయికి ఫీజు ఏమీ లేదు. కానీ ముందు ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లమంటాను. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, అంబుడ్స్‌మన్ తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. మీ ఉత్తరానికి నెలలో జవాబు రాకపోయినా, కాదన్నా, ఏడాదిలోగా ఫిర్యాదు చేయాలి. మీ ఇల్లు ఒడిశాలో ఉంది కాబట్టి భువనేశ్వర్, కంపెనీ బ్రాంచి ఆంధ్రలో ఉంది కాబట్టి హైదరాబాద్, రెండింట్లో మీకు వీలైనదానికి వెళ్లవచ్చు. కమిషన్‌లో కేసు వేసేశాక మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు.

ఈ వ్యవహారం తేలేదాకా పగిలిన ఇంజిన్‌ను షెడ్డు నుంచి కదలనివ్వకండి. పాత సామానుకింద కంపెనీ తీసుకెళ్తామంటే, బ్లాక్ పగులు, నంబరు కనబడేలా ఫొటోలు తీయించి, అప్పగించినట్టు రసీదు తీసుకున్నాకే ఇవ్వండి.