మార్టిన్ పండగ లాంతరులో బల్బు లేదా? కర్ర విడిగా కొనాలి

జర్మనీలో మార్టిన్ పండగకు (నవంబర్ 11) పిల్లలు లాంతర్లు పట్టుకుని ఊరేగుతారు. మీ పాప కిటా (డే కేర్) నుంచి తెచ్చిన లాంతరులో బల్బు లేకపోయినా, లోపమేమీ లేదండి. అక్కడ పేపరు లాంతరు చేసి, పైన తీగ కట్టి ఇస్తారు. బల్బున్న కర్రను మనమే కొనాలి. మన వాళ్లు ఎక్కువగా మిస్సయ్యేది ఇదే.

1. డ్రగ్‌స్టోర్లో, స్టేషనరీ షాపులో "లాటెర్నెన్‌ష్టాబ్" (లాంతరు కర్ర) అని అడగండి. నవంబర్ 11 దాకా ఆగొద్దు, అయిపోతాయి.

2. బ్యాటరీలు లోపల ఉన్నాయో లేదో చూడండి. ఇంట్లోనే లైట్లార్పి ఒకసారి వెలిగించండి.

3. కర్ర కొనన ఉన్న కొక్కేనికి లాంతరు తీగ తగిలించండి. సన్నటి వైరుకు వేలాడే బల్బు లాంతరు మధ్యలోకి దిగాలి. పైనే ఉండిపోతే వెలుగు రంగు కాగితాల మీద పడదు, పాపకు నిరుత్సాహం.

4. ఊరేగింపు చీకటి పడ్డాకే. గ్లవ్స్, ఇంటి నుంచి కప్పులు తీసుకెళ్లండి. పాపకు "కిండర్‌పున్ష్" (పిల్లల కోసం చేసే వేడి పానీయం) అడగండి, అందులో ఆల్కహాల్ ఉండదు.