మోడు పిలకలు పది, చెట్టు ఒకటే

చి. లావణ్యకు,

కడప వైపు లంకమల, పాలకొండల ఎర్రచందనంలో జన్యు తేడాలు చూస్తానన్నావు, సంతోషం. ల్యాబ్ పని గురించి నాలుగు పేజీలు రాశావు గానీ ఆకు కోయడం గురించి ఒక్క వాక్యమే ఉంది. ఈ పని చెడేది అక్కడేనమ్మా.

ఎర్రచందనాన్ని నరికితే మోడు మళ్ళీ పిలకలేస్తుంది. దొంగలు కొట్టిన చోట పది చెట్లలా కనిపించేవి ఒకే మోడువి కావచ్చు, అప్పుడు పదింటి డీఎన్ఏ ఒకటే. చెట్టు మొదలు దగ్గర మట్టి తోసి చూసి, ఒక మోడుకు ఒక్క ఆకే తీసుకో. పక్కపక్క చెట్లు ఒకే తల్లి పిల్లలు కూడా కావచ్చు. అందుకని చెట్టుకూ చెట్టుకూ వంద మీటర్ల ఎడం పెట్టి, కొండకు 30 చెట్లు చూడు.

లేత ఆకు కోసి కాగితం కవర్లో వేసి, ఆకు బరువుకు పదింతలు సిలికా జెల్‌లో (తేమ పీల్చే గుళికలు) ఉంచు. జెల్ రంగు మారితే అదే రోజు మార్చు. ఒక్క రోజులో ఆకు గలగలలాడేలా ఎండాలి. నెమ్మదిగా ఎండి నల్లబడితే డీఎన్ఏ ముక్కలవుతుంది. ఈ ఆకులో వగరు ఎక్కువ, డీఎన్ఏ తీసే సీటాబ్ ద్రావణంలో ఆ వగరును పట్టేసే పీవీపీ 2 శాతం కలపకపోతే పీసీఆర్ (డీఎన్ఏకు కాపీలు తీసే పని) మొరాయిస్తుంది.

పెన్నకు అటు లంకమల, ఇటు పాలకొండలు. రెంటినీ ఒకే గుంపుగా లెక్కేశావో, అవి నిజంగా వేరైతే హెటిరోజైగోసిటీ (తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన జన్యు ప్రతులు వేరువేరుగా ఉండటం) ఉండాల్సినదానికంటే తక్కువగా వస్తుంది, లేని అంతఃప్రజననం (దగ్గరి చుట్టాల మధ్య సంకరం) ఉన్నట్టు భ్రమపడతావు. తేనెటీగలు మోసే పుప్పొడి, గాలికెగిరే రెక్కల కాయ ఏరు దాటుతున్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. దాటకపోతే రెండు వైపులా చెట్లు వేరువేరు దారుల్లో మారుతూ పోతాయి. మైక్రోశాటిలైట్లు (డీఎన్ఏలో వరసగా మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న ముక్కలు) ఈ రాకపోకలనే చెబుతాయి. కరువును తట్టుకునే గుణం గురించి వాటిని అడగొద్దు. అది తెలియాలంటే రెండు కొండల విత్తనాన్నీ ఒకే మడిలో పెంచి పోల్చాలి.

ముసలి చెట్లను మాత్రమే చూసి ‘వైవిధ్యం బాగుంది’ అని రాసేయకు. అవి నరికివేతకు ముందు పుట్టినవి. దెబ్బ తెలిసేది మొలకల్లో, వాటిని విడిగా లెక్కించు. లావుగా, తిన్నగా ఉన్నవాటినే కొడుతున్నారు కాబట్టి మిగిలిన వంకర చెట్లే రేపటి తల్లులు. ఆ వంకర వంశం నుంచి వచ్చిందా, నేల వల్లనా అన్నది మాత్రం మడిలో పెంచితేనే తేలుతుంది.

నర్సరీకి విత్తనం అడిగితే ఒకే గొప్ప చెట్టు చూపించొద్దు. కనీసం 30 తల్లి చెట్ల నుంచి సమానంగా కాయలు ఏరి కలపమను. కాయలో సాధారణంగా ఒక్క గింజే ఉంటుంది, లెక్క తేలికే.

అటవీ శాఖ అనుమతి కాగితం లేకుండా ఒక్క ఆకూ తుంచకు. ఆ అడవిలో సంచీ, కత్తీ పట్టుకుని తిరిగేవాళ్ళను ఎవరూ నమ్మరు.

మొదటి పది చెట్ల పట్టిక, జీపీఎస్ అంకెలు పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన