జెంగర్ గెలిచాడు కదా అంటే సరిపోదు

ప్రశ్న: న్యూయార్క్‌లో మా తెలుగు సంఘం పత్రికకు సంపాదకుడిని. పోయిన ఉగాది సంచికలో ‘కోశాధికారి సంఘం డబ్బు మింగేశాడు’ అని రాశాను. అది నిజం. ఇప్పుడు ఆయన లాయర్ నోటీసు పంపించాడు. పదేళ్లు చాకిరీ చేసినందుకు ఇదా ఫలితం? నిజం రాస్తే పరువునష్టం కాదని 1735లోనే, ఇదే ఊళ్లో, ప్రింటర్ జెంగర్ కేసులో తేలిపోయింది కదా! దీపావళి సంచికలో అదే వ్యాసం మళ్లీ వేద్దామనుకుంటున్నాను. వేయవచ్చా?

జవాబు: రెండు పేజీల ఉత్తరంలో మీ చాకిరీ ఉంది, మీ అవమానం ఉంది. ఉగాది సంచిక పోస్టులో పడిన తేదీ లేదు. డబ్బు పోయిందనడానికి మీ దగ్గరున్న కాగితం ఏమిటో లేదు. సంపాదకుడికి ఇంత నిర్లక్ష్యం పనికిరాదు.

జెంగర్ కేసులో నిజం రుజువు కాలేదండీ, అసలు రుజువు చేయనివ్వలేదు. రాసింది నిజమైతే నేరం ఇంకా పెద్దదనే రోజులవి. న్యూయార్క్ బ్రిటిష్ గవర్నర్ కాస్బీని విమర్శించే పత్రిక అచ్చువేసినందుకు 1734 నవంబరులో జెంగర్‌ను జైల్లో పెట్టారు. తలుపు కంతలోంచి భార్యతో మాట్లాడుతూ పత్రిక ఆగకుండా చూసుకున్నాడు. ఆయన లాయర్లిద్దరినీ జడ్జి డిలాన్సీ ప్రాక్టీసు నుంచే తీసేశాడు. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఆండ్రూ హామిల్టన్, అచ్చువేసింది మావాడేనని ఒప్పేసుకుని, జ్యూరీ వైపు తిరిగి వాదించాడు. జ్యూరీ జడ్జి మాట పక్కనబెట్టి వదిలేసింది. చట్టం మాత్రం మారలేదు. న్యూయార్క్‌లో అది మారింది 1805లో. అదీ ‘నిజం, దానికి తోడు మంచి ఉద్దేశం’ అనే షరతుతో.

మీరు చదవాల్సింది 1800 నాటి జేమ్స్ కాలెండర్ కేసు. అధ్యక్షుడు ఆడమ్స్‌ను తిడుతూ రాసిన రచయిత ఆయన. ఆయన మీద కేసు పెట్టింది 1798 సెడిషన్ చట్టం కింద, ప్రభుత్వం మీద తప్పుడు దూషణలు రాస్తే శిక్షించే చట్టమది. అది నిజాన్ని డిఫెన్స్‌గా ఒప్పుకుంది. అయినా కాలెండర్ సాక్షి జాన్ టేలర్‌ను జడ్జి చేజ్ నోరు విప్పనివ్వలేదు. ఆరోపణలో కొంత భాగమే ఈయన చెప్పగలడు, మొత్తం కాదు అన్నాడు. కాలెండర్‌కు తొమ్మిది నెలల జైలు పడింది. (ఇలాంటి తీరుకే తర్వాత చేజ్ మీద అభిశంసన నడిచింది, అది వేరే కథ.)

చేజ్ చేసింది అన్యాయమే కావచ్చు, కానీ ఆ ప్రశ్న మీకూ ఎదురవుతుంది. మీ దగ్గర ఉన్నది లెక్క చూపలేదనే మీటింగ్ మినిట్స్ అయితే, దాంతో రుజువయ్యేది లెక్క చూపలేదని మాత్రమే. మీరు అచ్చువేసిన మాట ‘మింగేశాడు’. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆయన సొంత ఖాతాకు డబ్బు వెళ్లినట్టు కనిపిస్తుందా? మీ కేసంతా ఇక్కడే ఉంది.

1964 నాటి సల్లివన్ తీర్పు ఉందిగా అంటారేమో. అబద్ధమని తెలిసో, నిజమో కాదో పట్టించుకోకుండానో రాశారని దావా వేసినవాడే రుజువు చేయాలన్న ఆ తీర్పు ప్రభుత్వ అధికారుల గురించి. ప్రజాప్రయోజన విషయాలకు న్యూయార్క్ 2020లో రక్షణ పెంచింది. మీ సంఘం లెక్కలు అందులోకి వస్తాయా అన్నది మీ లాయర్ కోర్టులో వాదించి ఒప్పించాలి.

ఇక గడువు. న్యూయార్క్‌లో పరువునష్టం దావాకు ఏడాదే. సంచిక మొదట పాఠకులకు చేరిన రోజు నుంచి లెక్క, అట్ట మీద వేసిన నెల నుంచి కాదు. లాయర్ నోటీసు ఆ గడువును ఆపదు, కోర్టులో దావా పడాల్సిందే. కాబట్టి పోస్టేజీ రసీదు వెతికి దాచండి.

దీపావళికి మళ్లీ వేశారో, కొత్త సంచిక, కొత్త ఏడాది! అయిపోవచ్చిన గడువును మీ చేత్తో మీరే మొదలుపెట్టినట్టు. పేరు తీసేసి ‘కొందరు అంటున్నారు’ అని రాసినా లాభం లేదు. సంఘంలో కోశాధికారి ఒక్కడేగా.

బ్యాంకు కాగితాలు, మినిట్స్, ఈమెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటీ డిలీట్ చేయకుండా లాయర్‌కు ఇవ్వండి. లెక్కలు అడిగినప్పుడు పక్కనున్నవాళ్ల చేత ఇప్పుడే అఫిడవిట్ రాయించండి. రుజువు ‘మింగేశాడు’ దాకా రాకపోతే, ‘లెక్కలు చూపలేదు’ అని సవరణ వేయడం గురించి లాయర్‌తోనే మాట్లాడండి, పరిహారం తగ్గడానికి పనికొస్తుంది. సంఘానికి ఇన్సూరెన్స్ ఉంటే ఈ నోటీసు కాపీ వాళ్లకు ఈ వారమే పంపండి. ఆలస్యం చేస్తే అదే సాకుగా కాదనగలరు.