డిఫరెన్షియల్ ఆయిల్ ఇంట్లోనే మార్చొచ్చా?

ప్రశ్న: మాది పాత బొలెరో. వెనక డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ఆయిల్ నేనే మార్చుకుందామనుకుంటున్నా. ప్రమాదమేమైనా ఉందా? – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మార్చుకోవచ్చు, కానీ ఒట్టి జాకీని నమ్మి బండి కింద దూరొద్దు. బొలెరో ఎత్తుగానే ఉంటుంది కాబట్టి చదునైన నేల మీద గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, టైర్లకు రెండు వైపులా దిమ్మెలు అడ్డం పెడితే జాకీ లేకుండానే పని కావొచ్చు. ఎత్తక తప్పకపోతే బండి బరువు మోసే జాక్ స్టాండ్లు వాడండి, ఇటుకలు వద్దే వద్దు.

ముందు ఆయిల్ పోసే పై నట్టు విప్పండి. అది బిగుసుకుపోయి ఉంటే, ఆయిల్ కారే కింది నట్టు తీశాక కొత్త ఆయిల్ పోయలేక బండి అక్కడే ఆగిపోతుంది! ఆయిల్ గోరువెచ్చగా ఉంటే బాగా కారుతుంది, కాలేంత వేడి వద్దు. నట్టుకు సన్నని లోహపు పొడి అంటితే టెన్షన్ పడకండి, ముక్కలొస్తే మాత్రం మెకానిక్‌కు చూపించండి. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిలే, పైరంధ్రం అంచు దాకా పోస్తే చాలు.