ఫర్నేస్ కంటే ముందు కట్టెలు కొను

చిరంజీవి మేనల్లుణ్ణి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అమెరికాలో వెర్మాంట్‌లో పాత ఇల్లు కొన్నావనీ, ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ ఖర్చు భరించలేక బేస్‌మెంట్‌లో కట్టెల ఫర్నేస్ పెట్టించబోతున్నావనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో పుట్టినవాడు అంత చలిలో తన కట్టెలు తానే చీల్చుకుంటానంటే గర్వంగానే ఉంది కానీ, రాత్రంతా నిద్ర మాత్రం పట్టలేదు. అక్కడే మీ మామయ్యతో కలిసి కట్టెల వేడి మీద ఎన్నో చలికాలాలు వెళ్లదీసినదాన్ని గనుక ఏది ఎక్కడ కొంప ముంచుతుందో నాకు తెలుసు. ఏ కంపెనీది కొనాలని అడిగావట. అది తర్వాతి మాట.

ఫర్నేస్ గురించి చెప్పవలసింది కొద్దే. 2020 మే 15 నుంచి అక్కడ కొత్తగా అమ్మే కట్టెల ఫర్నేసులన్నీ అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టిన పొగ పరిమితికి లోబడి ఉండాలి, కాబట్టి ఆ ధ్రువపత్రం లేని పాతదాన్ని ఎవరు చవకగా ఇస్తామన్నా ఆశపడకు. ఊరి పర్మిట్ తీసుకో. ఇన్సూరెన్సు వాళ్లకు ముందే చెప్పు. ఇప్పుడున్న ఆయిల్ ఫర్నేస్ పొగగొట్టంలోకే దీన్నీ కలిపేస్తానని ఎవరైనా అంటే వాణ్ణి మర్యాదగా పంపించెయ్యి. ఇంటికి ఎంత వేడి అవసరమో గది గదికీ లెక్క కట్టించి అంతకు సరిపడేదే కొను. పెద్దదైతే మంచిదే కదా అని తెస్తే, ఇల్లు ఉడికిపోకుండా ఎప్పుడూ గాలి తగ్గించి మగ్గబెట్టవలసి వస్తుంది. అలా మగ్గే నిప్పుకు భయపడే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేము ఇల్లు కొన్న ఏడు అక్టోబరులో ఒకతను ట్రక్కు నిండా మేపుల్, ఓక్ కట్టెలు తెచ్చి, బాగా ఆరినవేనని చెప్పి వాకిట్లో దింపిపోయాడు. అడితిలో తుమ్మకట్టె కొనేటప్పుడు రెండు ముక్కలు ఒకదానితో ఒకటి తట్టి, ఖంగుమంటేనే తూకానికి ఒప్పుకునే మీ తాతయ్య వెంట తిరిగి పెరిగినదాన్ని నేను. ఈ ముక్కలు తట్టితే మొద్దు చప్పుడు వచ్చింది. కోసిన చివర్లలో ఒక్క నెర్రె లేదు, బెరడు గోటితో గిల్లితే లోపల ఇంకా పచ్చగా, తడిగా ఉంది. పచ్చివండీ, వద్దండీ అన్నాను. మీ మామయ్య నవ్వి, కాలుతుంటే అవే ఆరతాయిలే అన్నారు. పైగా తెల్లారేదాకా నిప్పు నిలవాలని రాత్రి పడుకోబోయే ముందు పొయ్యి నిండా దుంగలు కుక్కి, గాలి పూర్తిగా మూసేవారు. పొద్దున్నే ఇంకా కణకణలాడుతున్న నిప్పులు నాకు చూపించి మురిసిపోయేవారు.

ఆ మురిపెం వెనక జరుగుతున్నది ఇది. పచ్చికట్టెలో వేడి కొంత నీళ్లను ఆవిరి చెయ్యడానికే పోతుంది, గాలి చాలక మిగిలినది పూర్తిగా మండదు, ఆ పొగ పొగగొట్టంలో సుమారు 250 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడితే క్రియోసోట్ అనే తారు గోడలకు పేరుకుంటుంది. మా చిమ్నీ ఇంటి బయటి గోడకు ఆనుకుని ఉండడంతో ఇంకా తొందరగా చల్లబడేది. జనవరిలో ఒక రాత్రి ఆ తారు అంటుకుని గోడలో హోరు మొదలైంది. కిందికి వెళ్లేసరికి పొయ్యి నుంచి చిమ్నీకి వెళ్లే గొట్టం ఎర్రబారి ఉంది. ఏమైందో చూద్దామని మీ మామయ్య పొయ్యి తలుపు తెరవబోతే చెయ్యి పట్టుకుని లాగేశాను. గాలి అందితే అది ఇంకా రేగుతుంది. పిల్లను దుప్పటిలో చుట్టుకుని మంచులోకి పరుగెత్తి, పక్కింటి నుంచి ఫైరింజను కోసం 911కి ఫోను చేశాము. ఇల్లు దక్కింది. చిమ్నీ లోపలి మట్టి పెంకులు మాత్రం పైనుంచి కిందిదాకా పగిలిపోయాయి, గోడలో ఒక దూలం ఒక పక్క బొగ్గయింది. చిమ్నీ లోపల స్టెయిన్‌లెస్ స్టీలు లైనర్ గొట్టం వేయించేదాకా పొయ్యి ముట్టించలేదు. మీ మామయ్యను ఆ మాట ఎత్తి ఎప్పుడూ దెప్పలేదు, నీకు చెప్తున్నానని ఇప్పుడాయన మీద కోపమూ లేదు. ఆయన ఉండి ఉంటే ఈ ఉత్తరం ఆయనే రాసేవారు.

అందుకని ముందు కట్టెలు కొను, ఫర్నేస్ శరదృతువులో వచ్చినా ఫరవాలేదు. ఇప్పుడే చీల్పించి, పైన మాత్రం కప్పి, పక్కలకు గాలి ఆడేలా పేర్పించు. మేపుల్, బర్చ్‌లకు కనీసం వేసవంతా కావాలి, ఓక్‌కు రెండేళ్లు. తేమ కొలిచే మీటరు ఒకటి కొని, ముక్కను అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖాన గుచ్చి చూడు. 20 శాతం దాటితే పొయ్యిలో పెట్టకు. అక్కడ కట్టెలు కార్డ్ లెక్కన అమ్ముతారు, కార్డ్ అంటే 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, అంటే 128 ఘనపుటడుగులు. 16 అంగుళాల ముక్కలు ఒకే వరుసగా పేర్చిన ఫేస్ కార్డ్ అందులో మూడోవంతే, ధర అడిగేటప్పుడు ఏ కార్డో అడుగు.

ఇంకొక భయం ఉంది, నవ్వకు. తాలింపు వేసినప్పుడల్లా మీ ఆవిడ వంటింటి ఫ్యాను గట్టిగా పెడుతుంది కదా. తలుపులు బిగించిన ఇంట్లో ఆ ఫ్యాను గాలిని బయటికి లాగేస్తుంటే, ఆ వెలితి పూడ్చడానికి కింద చిమ్నీలోని పొగే వెనక్కి రావచ్చు. నిమిషానికి 400 ఘనపుటడుగులకు మించి లాగే ఫ్యానయితే బయటి గాలి వచ్చే దారి వేరే పెట్టించాలి. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, కాబట్టి అలారం ప్రతి అంతస్తులోనూ, పిల్లవాడు పడుకునే గది బయటా ఉండాలి.

కరెంటు పోతే ఫర్నేస్ ఫ్యాను ఆగిపోయి వేడి లోపలే నిలిచిపోతుంది. 1998 జనవరి మంచుతుఫానులో అక్కడ రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటప్పుడు ఏం చెయ్యాలో బిగించేవాణ్ణి అడిగి రాయించుకో. బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్టులో తీసి, ఇంటికి దూరంగా నేలమీద పెట్టు. నివురుగప్పిన నిప్పు అన్న మాటను అక్కడ అక్షరాలా నమ్మాలి.

చిమ్నీ కప్పును దాటినచోట కనీసం 3 అడుగుల ఎత్తు, చుట్టూ 10 అడుగుల లోపల ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎక్కువ ఉండాలి. ఏటా చలికాలానికి ముందు శుభ్రం చేసేవాణ్ణి పిలిచి లోపల చూపించు. ఎస్టిమేటు కాగితాలు రాగానే నాకు ఫొటో తీసి పంపు. చిమ్నీ కొలతకు బిగించేవాళ్లనే కప్పెక్కమను. నువ్వు ఎక్కావని తెలిస్తే ఊరుకోను.

ఇట్లు,
అత్తయ్య